కూజా మెడకు రెండు దారాలు

పొద్దున ఆరున్నరకు టైలరమ్మ ఉల్లిపాయల కోసం వెనక గదిలోకి వెళ్లింది. ఆ గదిలోకి ఎండ రాదు. వారం రోజులుగా చలి ముదిరింది, గచ్చు మీద కాలు పెడితే జివ్వుమంటోంది. ఉల్లిపాయల బుట్ట కింద ఉంటుంది, గాజు కూజా పై అరలో ఉంటుంది. బుట్టలో చెయ్యి పెడుతూ అలవాటుగా పైకి చూసింది. చెయ్యి బుట్టలోనే ఆగిపోయింది.

కూజాలోని ప్లమ్ మద్యం దారానికి కిందుగా ఉంది.

కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూసింది. నలభై ఏళ్లు బట్టలు కుట్టిన మనిషి, మెడలో టేపు లేకుండా గడప దాటదు. టేపు తీసి కూజా మెడకు ఆనించింది. దారానికీ, ద్రవానికీ మధ్య మూడున్నర సెంటీమీటర్లు. తప్పు చూశానేమోనని మళ్లీ కొలిచింది. మూడున్నరే.

బిరడా ఉన్నచోటే ఉంది. కూజా కింద గచ్చు మీద తడి లేదు. గదికి తాళం ఎప్పుడూ వేయరు. ఇంట్లో ఉండేది ఇద్దరు. ఆమె, ఆమె కొడుకు.

ఆ మద్యం పెట్టడం ఆమె భర్త పని. పెరట్లో ప్లమ్ చెట్టు కాసినన్నాళ్లూ ప్రతి వేసవిలో ఆయన పళ్లు కోసి, ఫోర్కుతో ఒక్కొక్క పండుకీ నాలుగు గాట్లు పెట్టి, పెద్దమూతి సీసాలో ఒక వరస పళ్లు, ఒక వరస చక్కెర వేసి, పైన వోడ్కా పోసేవాడు. ఆరు వారాలు నానాక పల్చటి గుడ్డలో వడగట్టేవాడు. గుడ్డను పిండనిచ్చేవాడు కాదు, పిండితే మడ్డి దిగుతుందని. వడిసినంత వడిశాక ఆ ఎర్రటి ద్రవాన్ని సన్నమెడ గాజు కూజాలో పోసి, బిరడా బిగించి, ఏడాది కదపకుండా ఉంచేవాడు. ఎక్కడిదాకా పోశాడో గుర్తుగా కూజా మెడకు దారం కట్టేవాడు. ఆ దారం ఆమె కుట్టుపెట్టెలోదే, బొత్తాలు కుట్టే గట్టి దారం.

చలికాలం వచ్చేసరికి అదే మెడకు, మొదటి దారానికి కిందగా, ఇంకో దారం కనపడేది. ఆయన మధ్యలో ఒక గుటక వేసి, వేసినంత మేరకు కొత్త గుర్తు పెట్టుకుంటాడని ఆమె లెక్క. ఇంటికి ఎవరొచ్చినా చెప్పేది. "మా ఆయన దొంగే కానీ నిజాయితీపరుడు. ఎంత తాగాడో దారం కట్టి మరీ చూపిస్తాడు." వచ్చినవాళ్లు నవ్వేవారు, ఆయనా నవ్వేవాడు. ఔననేవాడు కాదు, కాదనేవాడూ కాదు. ఇంధనం నిల్వచేసే డిపోలో ట్యాంకులు కొలిచే ఉద్యోగం ఆయనది. ఇంట్లో రోజుకు ఇరవై మాటలు మాట్లాడితే ఎక్కువ.

నిరుడు చలి మొదలవకముందే ఆయన పోయాడు. ఆ చలికాలమంతా ఆమె వెనక గది తలుపు తీయలేదు. ఈ వేసవిలో చెట్టు విరగకాసింది. పళ్లు రాలి పెరడంతా ఈగలు. చూడలేక, ముప్పై ఏళ్లు పక్కన నిలబడి చూసిన పనే కదా అని, తనే కోసింది, గాట్లు పెట్టింది, వడగట్టింది, కూజాలో పోసింది. ఒక దారం కట్టింది. రెండోది కట్టలేదు. దొంగతనంగా తాగే మనిషి ఇప్పుడు ఇంట్లో లేడు.

ఆ తర్వాతే కొడుకు ఇంటికొచ్చాడు.

అతను లిఫ్టు మెకానిక్కు. తాగుడు మాన్పించే చోట నెల రోజులుండి, అటునుంచి అటే అమ్మ దగ్గరికి వచ్చాడు. కూజా పారబోసెయ్యమని, వేరే ఇంట్లో ఉండే కూతురు ఆ రోజే చెప్పింది. కొడుకే వద్దన్నాడు. ఊళ్లో దుకాణాలన్నీ నా కోసం మూయిస్తారా అక్కా అన్నాడు. దారం ఉంది కదా, ముట్టుకుంటే తెలిసిపోతుంది అంది టైలరమ్మ. "దారం కాపలా కాస్తుందా అమ్మా" అని కూతురు ఆ సంగతి అక్కడితో వదిలేసింది.

అతను వచ్చి ఇవాళ తొంభయ్యో రోజు. తొంభై రోజులుగా ఇతను మద్యం ముట్టలేదని కుటుంబంలో ఒకరు సంతకం పెట్టిన కాగితం మధ్యాహ్నం పన్నెండులోగా కంపెనీలో ఇస్తే ఉద్యోగం ఉంటుంది. ఇవ్వకపోతే ఆ చోటు ఇంకొకరికి వెళుతుంది. తల్లి సంతకం పనికిరాదని ఆఫీసు గుమస్తా ముందే చెప్పాడు. తల్లులందరూ పెడతారట. కాబట్టి కూతురు పెట్టాలి. ఎనిమిదిన్నరకు వస్తానని నిన్ననే ఫోను చేసింది.

టైలరమ్మ ఉల్లిపాయలు తీసుకోకుండానే బయటికి వచ్చింది.

కొడుకు వంటింట్లో నిలబడి చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నాడు. కాలరు లోపలి వైపు ముందు, తర్వాత బయటి వైపు, తను నేర్పినట్టే. టీ పెట్టాను, చల్లారిపోతోంది తాగు అన్నాడు. ఆమె తాగింది. అతని ముఖంలోకి చూడకుండా చేతులు చూసింది. చేతులు వణకడం లేదు. వణకకపోవడం మంచి గుర్తో చెడ్డ గుర్తో ఆమెకు తెలియలేదు. తాగినప్పుడు కూడా వణికేవి కావు, తాగనప్పుడే వణికేవి.

ఎనిమిదిన్నరకు కూతురు వచ్చింది. ఆస్పత్రిలో రికార్డుల విభాగంలో పని, రాసే ముందు చదవడం, చదివాక మళ్లీ చదవడం ఆమె అలవాటు. కాగితం బల్ల మీద పరిచి, కళ్లజోడు పెట్టుకుని, మొదటి నుంచి చదివింది. ఇలాంటి కాగితం మీద ఆమె ఒకసారి సంతకం పెట్టింది. నాలుగో రోజున తమ్ముడు తాగి పనికి వెళ్లాడు. ఆ మధ్యాహ్నం ఒక పెద్దాయన నలభై నిమిషాలు లిఫ్టులో ఇరుక్కుపోయాడు. ప్రాణం పోలేదు. విచారణకు ఆమెను కూడా పిలిచి, ఏం చూసి సంతకం పెట్టారని అడిగారు. ఆ మధ్యాహ్నం ఏం జరిగిందో తనకు ఒక్క ముక్క గుర్తులేదని తమ్ముడు చెప్పాడు. విచారణలో ఎవరూ నమ్మలేదు. ఇంట్లోనూ ఎవరూ పూర్తిగా నమ్మలేదు.

కూతురు పెన్ను మూత తీసింది.

"ఆగు" అంది టైలరమ్మ.

ఇద్దరూ తలెత్తారు. తను చెప్పకుండా ఉండొచ్చు. పెన్ను కాగితం మీదికి దిగితే పని అయిపోతుంది. కానీ విచారణ గది నుంచి వచ్చిన రోజున కూతురి ముఖం ఎలా ఉందో ఆమె చూసింది.

"కూజాలో మందు తగ్గింది" అంది.

కూతురు పెన్ను మూత పెట్టేసింది. తమ్ముడి వైపు చూడకుండా తల్లినే అడిగింది, ఎప్పుడు చూశావు, సరిగ్గా చూశావా, బిరడా కారుతోందా అని. కారడం లేదని, రెండుసార్లు కొలిచానని టైలరమ్మ చెప్పింది.

"ఎంత తగ్గింది?" అన్నాడు కొడుకు.

"ఎంతయితే నీకెందుకురా? తాగావా లేదా అది చెప్పు" అంది కూతురు.

"ఎంత తగ్గిందమ్మా?"

"మూడున్నర సెంటీమీటర్లు. నిన్ను అక్క అడిగింది అది కాదు."

అతను ఇస్త్రీపెట్టె ప్లగ్గు పీకి, వైరు చుట్టి, పక్కన పెట్టాడు. చాలాసేపు పట్టింది ఆ పనికి.

"నాకు తెలీదు" అన్నాడు.

"తెలీదంటే?" కూతురు లేచి నిలబడింది. "తాగలేదని అంటావనుకున్నా. ఒట్టు వేస్తావనుకున్నా. తాగాను తప్పయిపోయింది అన్నా అర్థముంది. తెలీదేమిట్రా? విచారణలోనూ ఇదే మాట, ఇక్కడా ఇదే మాట. ఇంకో మాట నేర్చుకోలేదా ఇన్నేళ్లలో?"

టైలరమ్మ కొడుకు దగ్గరకు వెళ్లింది. అతను ఆమెకన్నా జానెడు పొడుగు. చొక్కా ఇంకా వేసుకోలేదు, బనీను మీద ఉన్నాడు.

"నోరు తెరువు" అంది.

"అమ్మా."

"ఊదు."

నలభై రెండేళ్ల మనిషి, తల కొంచెం వంచి, తల్లి ముఖం మీద ఊదాడు. టూత్‌పేస్టు వాసన వచ్చింది, టీ వాసన వచ్చింది. ఇంకేం రాలేదు. ఏం లేదు అని ఆమె కూతురితో అంది. రాత్రి తాగితే పొద్దుటికి పోతుంది అంది కూతురు. ఆ మాట నిజమేనని టైలరమ్మకు తెలుసు.

కొడుకు తన గదిలోకి వెళ్లాడు. అలమర తెరిచిన చప్పుడు, తర్వాత సంచి జిప్పు లాగిన చప్పుడు వినపడ్డాయి. కూతురు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టింది, మళ్లీ విప్పింది, మళ్లీ మడిచింది. ఆమె ఏడవడం లేదు. తమ్ముడి విషయంలో ఏడుపు ఎప్పుడో అయిపోయిందని అంటుంటుంది.

"నీదీ తప్పేనమ్మా. ఇంట్లో పెట్టుకున్నావు. నాన్న జ్ఞాపకం అన్నావు. ఇప్పుడు చూడు" అంది.

అవును, పారబోస్తానని టైలరమ్మ వెనక గదిలోకి వెళ్లింది. ఈ పని తొంభై రోజుల కిందటే చేసి ఉండాల్సింది అనుకుంది. అరలో రెండు కూజాలున్నాయి. ముందున్నది ఆమె పెట్టినది. దాని వెనక ఉన్నది ఆయన పెట్టిన ఆఖరిది. రెండూ పారబోస్తే ఇక ఈ ఇంట్లో ఈ గొడవ ఉండదు. ఆయనది ముందు పారబోయాలి, లేకపోతే మనసు మారిపోతుందని ముందున్నదాన్ని జరిపి, వెనకున్నదాన్ని రెండు చేతులతో దింపింది. తడిగుడ్డతో దుమ్ము తుడిచింది.

ఈ కూజా బిరడా మీద మైనం ఉంది. ఆఖరి ఏడాది ఆయన కొవ్వొత్తి కరిగించి బిరడా చుట్టూ పోసి, వేడిగా ఉండగానే బొటనవేలితో అదిమాడు. ఆ వేలిముద్ర అలాగే ఉంది. మెడకు రెండు దారాలున్నాయి. ఆ ఏడాది రెండు దారాలూ ఒకే రోజు కట్టాడు, ఎండలు మండుతున్న రోజు. అప్పుడు కూడా ఆమె ఊరుకోలేదు. తాగబోయేది కూడా ముందే కొలిచి పెట్టుకున్నారా అంది. ఆయన మైనం మీద వేలు అదిమి, ఆమె వైపు చూసి నవ్వాడు. ఆ రోజు కూజాలో మద్యం పై దారం దాకా ఉంది. అది ఆమె కళ్లారా చూసింది.

ఇప్పుడు కింది దారం దగ్గర ఉంది.

టైలరమ్మ మైనం చుట్టూ గోటితో తడిమింది. పగులు లేదు. బిరడా పైన, పక్కన, ఎక్కడా లేదు. ఈ కూజాను ఎవరూ తెరవలేదు. తెరిచి మళ్లీ మూస్తే ఆ వేలిముద్ర ఉండదు, ఆ వేలు ఇప్పుడు లేదు. అయినా మద్యం దిగింది. సరిగ్గా ఆయన కట్టిన చోటికి దిగింది.

మెడలోంచి టేపు తీసింది. రెండు దారాల మధ్య కొలిచింది. మూడున్నర సెంటీమీటర్లు.

ఆమె గచ్చు మీద కూర్చుండిపోయింది. చలి చీరలోంచి ఎక్కింది. చలి, అనుకుంది. మద్యం వేసవిలో పైన, చలికాలంలో కింద. ఆయన తాగి కట్టిన దారం కాదు ఇది. ముప్పై ఏళ్లుగా కట్టినవాటిలో ఏదీ కాదు.

లేచి, ఆయన కూజాను అక్కడే వదిలి, తన కూజాను ఎత్తుకుని వంటింట్లోకి నడిచింది. బట్టలు నానబెట్టే పెద్ద బేసిను పొయ్యి పక్కన పెట్టి, కూజాను అందులో నిలబెట్టి, గోరువెచ్చటి నీళ్లు పోసింది. మరీ వేడివి పోస్తే గాజు పగులుతుంది. బిరడా వదులు చేసింది. పారబోస్తానని వెళ్లి స్నానం చేయిస్తున్నావేమిటమ్మా అంది కూతురు. టైలరమ్మ కొడుకు గది గుమ్మం దగ్గరకు వెళ్లింది. అతను సంచి భుజాన వేసుకుని నిలబడి ఉన్నాడు.

"వెళ్లాలంటే వెళుదువుగాని. ఒక్క గంట కూర్చుని వెళ్లు" అంది.

ముగ్గురూ వంటింటి బల్ల చుట్టూ కూర్చున్నారు. బల్ల మీద మడిచిన కాగితం, పక్కన పెన్ను. గోడ గడియారం పది దాటింది. ఏం చూడాలో ఆమె చెప్పింది, దారం వైపు చూడమంది. చూశారు. మద్యం పైకి రాలేదు. ఇంకొంచెం, వెంట్రుకవాసి, కిందికి దిగింది.

కూతురు కళ్లజోడు తీసి తుడుచుకుంది. కొడుకు సంచి పట్టీ బిగించాడు.

అప్పుడు పెరగడం మొదలైంది. పెరుగుతున్నట్టు కనిపించేది కాదు. కళ్లు తిప్పి మళ్లీ చూస్తే ఇందాకటి చోట లేదు. నీళ్లు చల్లారాయని ఆమె ఇంకో చెంబు పోసింది. పావుగంటకు ఒక వేలు మేర ఎక్కింది. అరగంటకు ఒకటిన్నర. గాజు మెడలో ఎర్రగా, ఎవరూ పోయకుండా, ఎవరూ ముట్టకుండా ఎక్కుతోంది.

"నాన్న" అంది కూతురు హఠాత్తుగా. "నాన్న డిపోలో కొలతకర్ర ఒక్కటే పట్టుకెళ్లేవాడు కాదమ్మా. థర్మామీటరు కూడా జేబులో ఉండేది. చిన్నప్పుడు నేనడిగాను, జ్వరం ఎవరికని. ట్యాంకుకి అన్నాడు. ఎండకి పొంగుతుంది, చలికి ముడుచుకుంటుంది, అది చూడకుండా కొలిస్తే లేని దొంగని పట్టుకుంటాం అన్నాడు."

ఆ మాట అన్నాక ఆమె తమ్ముడి వైపు చూడలేకపోయింది.

పదకొండుకు పది నిమిషాలుండగా మద్యం దారానికి రెండు మిల్లీమీటర్ల దూరంలో ఆగింది. టైలరమ్మ ఇంకో చెంబు వెచ్చటి నీళ్లు పోసింది. ద్రవం దారాన్ని తాకింది.

కొడుకు కూజా వైపు చూస్తూనే ఉన్నాడు. తర్వాత రెండు చేతుల్లో ముఖం పెట్టుకున్నాడు. భుజాలు కదిలాయి. ఏడుపు చప్పుడు రాలేదు.

"నేను తాగలేదన్నమాట" అన్నాడు చేతుల్లోంచి.

ఆ మాట వాళ్లకు చెబుతున్నట్టు లేదు. తనే ఇప్పుడు విన్నట్టు ఉంది. టైలరమ్మకు అప్పటిగ్గాని అర్థం కాలేదు.

"నీకు నిజంగానే తెలీదా?" అంది.

"మూడు రోజుల కిందటే చూశాను. రోజూ చూస్తానమ్మా. లేవగానే ముందు వెళ్లి ఆ దారం చూస్తాను. దారం దగ్గరే ఉంటే, రాత్రి కూడా నేను ముట్టలేదని. అప్పుడు ముఖం కడుక్కుంటాను. నా మీద నాకు ఇంకో సాక్ష్యం ఏముంది? ఆ మధ్యాహ్నం నేనేం చేశానో ఇప్పటికీ గుర్తు రాదు. ఆ రోజు చూస్తే తగ్గింది. లేచి తాగానేమో, మళ్లీ గుర్తులేదేమో అనుకున్నా. మూడు రాత్రులు గది తలుపుకి అడ్డంగా కుర్చీ వేసుకుని పడుకున్నా. పొద్దున కుర్చీ ఉన్నచోటే ఉంది. మందు మాత్రం ఇంకా తగ్గింది."

"మాతో ఒక్క మాట చెబితే ఏంరా?" అంది కూతురు.

"ఏమని చెప్పను? నువ్వు తాగలేదులే అనేవాళ్లు ఎవరున్నారు?"

ఊదమని తనడిగినప్పుడు అతను తల వంచిన తీరు టైలరమ్మకు గుర్తొచ్చింది. నిజం ఏమిటో తనకూ తెలియాలని అతను ఊదాడు.

కూతురు కాగితం మడతలు విప్పి అరచేత్తో సాపు చేసింది. ఈసారి చదవలేదు. పెన్ను మూత తీసింది.

"ఇవాళ్టిదాకా ముట్టలేదని పెడుతున్నా. రేపటికి కాదు" అంది.

"రేపటికి నేనూ పెట్టలేనక్కా" అన్నాడు.

ఆమె సంతకం పెట్టి, తేదీ వేసి, సిరా ఆరేదాకా ఊదింది. పదకొండుంబావుకు అక్కాతమ్ముళ్లిద్దరూ అక్క స్కూటరు మీద బయల్దేరారు. కొడుకు చొక్కాకు పైబొత్తాం పెట్టుకోలేదని టైలరమ్మ గేటు దాకా పరిగెత్తి పెట్టింది.

ఇంట్లో ఒక్కతే మిగిలాక బేసినులో నీళ్లు తీసేసి, కూజాను తుడిచి, వెనక గదిలో అరలో పెట్టింది. దాని పక్కనే ఆయన కూజాను పెట్టింది, ఈసారి వెనక కాదు. కుట్టుపని ముందేసుకుని కూర్చుంది గానీ సూది కదల్లేదు. ఆయన పరువు పదిమంది ముందు నవ్వుతూ తీసిన సందర్భాలు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. ఒక్కసారైనా నేను తాగలేదే అని ఉండొచ్చు కదా అనుకుంది. మైనం పోసి, వేలు అదిమి ఆయన అన్నది ఆ మాటేనని తర్వాత తోచింది. తను పారబోయడానికి కూజా దింపేదాకా అది వినలేదు.

మూడింటికి వెళ్లి చూసింది. మద్యం మళ్లీ దిగుతోంది. నాలుగున్నరకు పొద్దున ఉన్న చోటికి వచ్చి నిలిచింది. కుట్టుపెట్టె తెచ్చుకుంది. బొత్తాల దారం తెంచి, మెడ చుట్టూ తిప్పితే రెండుసార్లు జారింది. ముడి పడలేదు.

గేటు చప్పుడయింది. కొడుకు లోపలికి వచ్చాడు. చేతిలో పనిముట్ల సంచి ఉంది, కంపెనీది. అది చూడగానే ఆమెకు అడగాల్సిన అవసరం లేకపోయింది. సోమవారం నుంచి రమ్మన్నారని, అక్క అటునుంచి ఆస్పత్రి పనికి వెళ్లిపోయిందని చెప్పాడు. ఆమె చేతిలో దారం చూశాడు. పనిముట్ల సంచి కింద పెట్టి, దారం రెండు కొసలూ అందుకుని, మద్యం నిలిచిన చోట ముడి వేశాడు. రెండుసార్లు లాగి చూశాడు.

ఆ తర్వాత, బయటికి వెళ్లివచ్చినవాడు చేయాల్సిన పని ఇంకొకటి మిగిలిందన్నట్టు, ఆమెకు దగ్గరగా వచ్చి, తల వంచి, నోరు తెరిచాడు.

టైలరమ్మ అతని నోటికి అరచెయ్యి అడ్డం పెట్టింది. తీయలేదు. ఆ చేతిమీద అతని కన్నీళ్లు పడ్డాయి, ఆమెవి టేపు మీద పడ్డాయి.

"టీ చల్లారిపోతుంది పద" అంది. టీ ఇంకా పెట్టనే లేదు.